పక్క ఉపగ్రహం

మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, ఇప్పటి డిష్‌లు తమంతట తామే ఉపగ్రహాన్ని వెతుక్కుంటాయని చెప్పింది. మీట నొక్కితే మోటారు తిరుగుతుందట, సరైనది దొరికాకే ఆగుతుందట.

"పక్కదాని మీద ఆగదా తల్లీ?" అని అడిగాను.

"ఆగదంకుల్. అది సరిచూసుకుంటది" అంది.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక కూడా నేను చెప్పులు వేసుకోకుండా అక్కడే నిలబడ్డాను. ఈ పనిలోకి వస్తున్న మీలాంటి వాళ్ళకు మామిడిపల్లి సంగతి చెప్పాలని అప్పుడే అనుకున్నాను. సంతోషించే సంగతి కాదు. అయినా ఎవరో ఒకరు చెప్పాలి.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన కొత్త రోజులవి. మన దేశం సొంతంగా ఉపగ్రహాలు తయారుచేసి పంపుతున్నప్పుడు, వాటిలో కొంత జాగా పల్లె దవాఖానలకు కూడా ఇవ్వాలని పెద్దలు అనుకున్నారు. ఊరి దవాఖాన డాబా మీద ఒక డిష్, లోపల ఒక తెర, ఒక కెమెరా. పట్నంలోని పెద్ద దవాఖానలో డాక్టరు తన కుర్చీలో కూర్చుని ఊళ్ళో రోగిని చూస్తారు. పట్నానికి ఇంత దగ్గరలో ఉపగ్రహం ఎందుకని చాలామంది అడిగేవారు. విమానాలు దిగే దారి గనక ఎత్తైన టవర్లు కట్టనివ్వరు. భూమిలో వేసిన కేబులేమో కొత్త రోడ్ల కోసం తవ్వే యంత్రాలకు వారం వారం తెగిపోయేది. ఆకాశం ఒక్కటే తెగనిది అని మా ఆఫీసులో అనుకునేవాళ్ళం.

ఆ డిష్‌లను చూసుకునే టెక్నీషియన్‌ని నేను. శంషాబాద్‌లో మాకు ఒక చిన్న కేంద్రం ఉండేది. ఊళ్ళ నుంచి వచ్చే లైన్లన్నీ అందులోనే కలిసేవి. అక్కడ తెరల ముందు కూర్చునే నా సహోద్యోగిది కొత్వాల్‌గూడ. వ్యవసాయ కుటుంబం. నుదుట బొట్టు లేకుండా ఒక్కరోజు కూడా డ్యూటీకి రాలేదు. నేను భోజనానికి ముందు కళ్ళు మూసుకుంటే నా డబ్బాలో కూర తీసేసి, కళ్ళు తెరిచాక, "చూసినవా అన్నా, నీ దేవుడు గింత కూరనే ఇచ్చిండు" అనేవాడు. మళ్ళీ వాళ్ళింటి తొక్కు నా డబ్బాలో వేసేవాడు. మనిషి నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. వయసులో నాకన్నా చిన్న, తమ్మీ అని పిలిచేవాణ్ణి.

మామిడిపల్లి దవాఖానలో ఉన్న నర్సు మా సంఘంలో విశ్వాసి. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. డిష్ సరిచేయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు డాబా మీద పానాతో బోల్టు వదులు చేసి డిష్‌ను వెంట్రుక వాసి జరుపుతుంటే, కింద ఒకరు మీటరులో ముల్లు చూసి చెప్పాలి. డాబా మీదికి మాట సరిగా వినపడదు. పైన విమానం పోతే అసలే వినపడదు. "ఇంకొంచెం", "ఆగు", "ఎక్కువైంది" అని అరిచి అరిచి విసిగిపోయి, ఒకసారి ముల్లు పూర్తిగా లేవగానే ఆమె ఆదివారం సంఘంలో అన్నట్టే "స్తోత్రం!" అని గట్టిగా అంది. ఆ మాట విమానం మోతలో కూడా వినపడింది. అప్పటినుంచి అదే మా గుర్తు. స్తోత్రం అంటే బోల్టు బిగించమని. మా కొత్వాల్‌గూడ తమ్ముడు ఫోనులో విని, "ఇగ మీటర్లెందుకన్నా, పాటల పుస్తకమే పట్టుకపోరాదు" అని నవ్వేవాడు. నవ్వినా, తన తెర మీద మా లైను చూసుకుని "మనదే, బిగించు" అని చెప్పాకే ఫోను పెట్టేసేవాడు.

ఆ దవాఖానకు ప్రతి మంగళవారం ఒక గర్భిణి వచ్చేది. కూరగాయలు పండించే ఇంటి కోడలు. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి. మూడోసారి నిలిచిందని తెలిసిన రోజు నుంచి అత్త ఆమెను బిందె కూడా ఎత్తనివ్వలేదు. గతుకుల దారిలో పట్నం తిప్పడం మంచిది కాదని, తెర మీదే చూస్తానని పట్నం డాక్టరమ్మ చెప్పింది. కోస్తా ప్రాంతపు మనిషి, మెల్లగా, మర్యాదగా మాట్లాడేది. "ఏమ్మా, నిద్ర పడుతోందా? కాళ్ళు ఒకసారి కెమెరాకు చూపించండి" అనేది. అత్త మాత్రం తెరకు చేతులు జోడించి, కోడలి కన్నా ముందు తనే జవాబు చెప్పేది.

"నిద్ర వడ్తున్నది తల్లీ. తిండే తింటలేదు. జర తిట్టు నువ్వు. నేను చెప్తే ఇంటలేదు."

"తిడతాను గానీ, ముందు ఆమెను మాట్లాడనివ్వండి" అని డాక్టరమ్మ నవ్వేది.

ఆ అత్తకు నర్సు మాట మీద నమ్మకం లేదు, మందుల మీద లేదు. తెర మీది ఆ ముఖం మీద ఉంది. అలాంటి నమ్మకం పుట్టించడానికే గదా ఇదంతా పెట్టింది అని నేను గర్వపడేవాణ్ణి.

ఇంతలో మా ఉపగ్రహానికి వయసైపోయింది. అది ఆకాశంలో ఒకేచోట నిలిచి కనబడాలంటే దానిలో కొద్దిగా ఇంధనం ఉండాలి. అప్పుడప్పుడు ఆ ఇంధనం కాల్చి దాన్ని తన చోటికి తెస్తుంటారు. అది అడుగంటినప్పుడు ఉపగ్రహం వెంటనే చావదు. ఊగడం మొదలుపెడుతుంది. భూమి మీద నుంచి చూసేవాళ్ళకు అది రోజూ ఎనిమిది అంకె గీస్తున్నట్టు పైకీ కిందికీ జరుగుతుంది. మొదట్లో కొంచెమే. నెలలు గడిచేకొద్దీ ఆ ఎనిమిది పెద్దదవుతుంది. బిగించిన డిష్ దాన్ని పూటలో కొంతసేపే చూడగలుగుతుంది. దాని బదులు కొత్తది వస్తోందని, ప్రయోగానికి అంతా సిద్ధమని కబురు వచ్చింది.

మా సంఘంలో అందరం ఉపవాస ప్రార్థన చేశాం. చివరి రోజు మా పాస్టరు అయ్యగారు, అడిగింది దొరికిందని నమ్మి ముందే కృతజ్ఞత చెప్పడమే విశ్వాసమని బోధించి, కృతజ్ఞతా కూడిక పెట్టించారు. నర్సు చెల్లె ఇంటి నుంచి పెద్ద గిన్నెలో పులిహోర వచ్చింది. రాకెట్ ఇంకా నేల మీదే ఉంది. మేము అప్పటికే చప్పట్లు కొట్టి పాడాం. దాన్ని ఇప్పటికీ తప్పు అనను. వాన చుక్క పడకముందే ఓడ కట్టినవాణ్ణి బైబిలు లేఖనం మెచ్చుకుంది. నేను ఆ మాటలు వింటూ పెరిగినవాణ్ణి.

ప్రయోగం పగలే జరిగింది. కేంద్రంలో అందరం టీవీ ముందు నిలబడ్డాం. రాకెట్ లేచింది. కొత్వాల్‌గూడ తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు. కొద్దిసేపటికే అది దారి తప్పింది. ఒకటిగా పోతున్న తెల్లటి పొగ నాలుగైదు పాయలై సముద్రం వైపు వంగింది. టీవీలో మాట్లాడుతున్న ఆయన ఒక్కసారిగా మాట ఆపేశాడు. మా ఆఫీసరుగారు లేచి టీవీ కట్టేసి, "ఎవరి పని వారు చూసుకోండి" అన్నారు. తమ్ముడు నా వైపు తిరిగి అన్నాడు: "మీరంతా ముందుగాల్నే పండుగ చేసిండ్రు గదన్నా. ఇప్పుడెట్ల మరి?" ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు.

కొత్త ఉపగ్రహం లేదు గనక మిగతా ఉపగ్రహాల్లో ఉన్న జాగాను పంచుకోవాల్సి వచ్చింది. టీవీ ఛానళ్ళకు ముందు ఇచ్చారు, బ్యాంకులకు ఇచ్చారు. దవాఖానల లైన్లు ఒక్కొక్కటే మూసేయమని పైనుంచి ఆర్డరు వచ్చింది. మామిడిపల్లి వంతు వచ్చినప్పుడు నేనూ తమ్ముడూ కలిసి ఆఫీసరుగారి గదిలోకి వెళ్ళాం. ఆయన మాట కటువుగా ఉంటుంది గానీ మనిషి అలాంటివారు కాదు.

"ఊగిపోతున్న ఉపగ్రహాన్ని పట్టుకుని ఏం చేస్తారండీ మీరు? రోజంతా డిష్ జరుపుతూ కూర్చుంటారా?" అన్నారు.

"రోజంతా వద్దు సార్. మంగళారం ఒక్క గంట. నేను పోయి జరుపుతాను" అన్నాను.

"ఎన్నాళ్ళు?"

"ఆ పిల్ల కాన్పయ్యేదాంక సార్. మూడో కాన్పు. రెండు పోయినయ్" అన్నాడు తమ్ముడు.

ఆయన కిటికీలోంచి రన్‌వే వైపు చూస్తూ, "నేను చూడలేదు, మీరు చెప్పలేదు. కాన్పు కాగానే డిష్ విప్పి తీసుకురండి" అన్నారు.

అలా ఒక మనిషి కోసం ఒక లైను నిలిచింది. ప్రతి మంగళవారం నేను డాబా ఎక్కేవాణ్ణి. కింద చెల్లె మీటరు పట్టుకునేది. అవతల తమ్ముడు తెర చూసేవాడు. ఉపగ్రహం ఏ పూట ఎక్కడ ఉంటుందో అతను ముందే లెక్కగట్టి చెప్పేవాడు. బోల్టు వదులు చేసి, జరిపి, "స్తోత్రం" వినపడగానే బిగించి, బొమ్మ చెదిరితే మళ్ళీ వదులు చేసి జరిపేవాణ్ణి. గంటసేపు ఎండలో ఆ చావుకు దగ్గరైన ఉపగ్రహం వెంట మెల్లగా నడిచినట్టుండేది. నా ఉద్యోగంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకొకటి లేదు.

ఆ మంగళవారం నేను వెళ్ళేసరికి అత్తాకోడళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కోడలి ముఖం కొంచెం ఉబ్బి కనబడింది. కాళ్ళకు చెప్పులు పట్టడం లేదని అత్త వాటిని చేత్తో పట్టుకుంది. చెల్లె నన్ను పక్కకు పిలిచి, "బీపీ లేసింది అన్నా. మరీ ఎక్కువ కాదు గానీ నాకు మంచిగనిపిస్తలేదు. డాక్టరమ్మకు జల్ది చూపియ్యాలె" అంది.

నేను డాబా ఎక్కి కేంద్రానికి ఫోను చేశాను. తమ్ముడు ఎత్తలేదు. వేరే ఎవరో ఎత్తి, ఒక టీవీ ఛానల్ లైను కలపడానికి అతన్ని ఆఫీసరుగారు బయటికి తీసుకుపోయారని చెప్పారు. సరే, చేతికి అలవాటైన పనే గదా అని బోల్టులు వదులు చేశాను. ఊగు పెరిగింది గనక పైకీ కిందికీ జరిపే బోల్టుతో పాటు పక్కకు తిప్పేది కూడా వదులు చేయాల్సి వచ్చింది. కొంచెం కొంచెం జరుపుతున్నాను. ముల్లు లేవడం లేదని కింద నుంచి చెబుతోంది. చెమట కళ్ళలో పడుతోంది. మనసులో ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. అంతలో కింద నుంచి ఎన్నడూ లేనంత గట్టిగా "స్తోత్రం! స్తోత్రం అన్నా!" అని వినపడింది. ఇన్ని వారాల్లో ముల్లు అంత పైకి ఎప్పుడూ లేవలేదని ఆమె తర్వాత చెప్పింది. నేనూ స్తోత్రం అని బోల్టులు రెండూ బిగించేశాను.

కిందికి దిగితే తెర మీద బొమ్మ లేదు. సిగ్నలును బొమ్మగా మార్చే పెట్టె మీద పచ్చ దీపం వెలగలేదు. ముల్లు మాత్రం నిటారుగా నిలబడి ఉంది. ఇంత బలమైన సిగ్నలు వస్తుంటే తప్పు డిష్‌లో ఎలా ఉంటుంది? పెట్టెలోనే ఉందనుకున్నాను. అంతకుముందు వారం కూడా ఆ పెట్టె మొండికేసింది. విప్పాను. వైర్లు మార్చాను. సంచిలో ఉన్న ఇంకో పెట్టె పెట్టాను. దీపం వెలగలేదు. డాక్టరమ్మ పట్నంలో తెర ముందు ఎదురుచూస్తోందని తెలుసు. చెల్లె ఆమె ఫోనుకు చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు; తెర ముందు కూర్చుంటే ఆమె ఫోను మోత ఆపేసి పక్కన పెట్టేస్తుంది.

"ఏంది బాపూ, గట్ల పరేషాన్ అవుతున్నరు? స్తోత్రం అన్నరు గద. నేను గూడ మొక్కిన. ఇగ వస్తది తియ్యి" అంది అత్త, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

చివరికి తమ్ముడే ఫోను చేశాడు. అప్పుడే కేంద్రానికి తిరిగి వచ్చాడట. "అన్నా, నీ లైను నాకు కనబడ్తలేదే. ఏ దిక్కు చూస్తున్నది నీ డిష్?"

"ముల్లు నిండా ఉంది తమ్మీ."

"నిండా ఎట్లుంటదన్నా? మనది సచ్చేటిది. నిండా ఉన్నదంటే పక్కదాన్ని పట్టినవు."

ఆకాశంలో ఉపగ్రహాలన్నీ ఒకే వరసలో ఉంటాయి. మా దాని పక్కనే వయసులో ఉన్నది, బలమైనది ఇంకొకటి ఉంది. మీటరుకు బలం ఎంతో తెలుస్తుంది, అది ఎవరిదో తెలియదు. అది చెప్పే మనిషి ఆ పూట తన చోట లేడు. ముల్లు లేవగానే మేమిద్దరం స్తోత్రం చెప్పాం, బిగించాం, ఇక అటు చూడలేదు.

నేను డాబా మీదికి పరుగెత్తాను. తమ్ముడు ఫోనులో చెబుతుంటే మెల్లగా పక్కకు జరిపాను. సన్నగా, వణుకుతూ మా ఉపగ్రహం దొరికింది. "మనదే, బిగించు" అన్నాడు. కిందికి వచ్చేసరికి తెర మీద బొమ్మ తేటగా ఉంది. పట్నం గది, తెల్ల గోడ, తిరుగుతున్న ఫ్యాను, ఖాళీ కుర్చీ. అంతసేపు కూర్చున్న డాక్టరమ్మను ఆపరేషన్ థియేటరుకు పిలిచారని అక్కడి అటెండరు తెర ముందుకు వంగి చెప్పి వెళ్ళిపోయాడు. మేము ఆ కుర్చీ వైపే చూస్తూ కూర్చున్నాం. మాకిచ్చిన గంట దాటి ఉపగ్రహం జరిగిపోయేదాకా ఎవరూ రాలేదు. బొమ్మ చుక్కలు చుక్కలై పోయింది.

చెల్లె వాళ్ళను బతిమాలింది. "అమ్మా, ఇప్పుడే పెద్ద దవాఖానకు పోండ్రి. నేను చీటి రాసిస్త. ఆటో నేనే పిలుస్త."

"డాక్టరమ్మ చెప్పిందా పొమ్మని?" అని అడిగింది అత్త.

"ఆమె చూడనే లేదు గద అమ్మా. నేను చెప్తున్న."

"ఆమె కదుల్వద్దన్నది బిడ్డా. గా ఆటోల కుదుపులకే గద మొదటిది పోయింది. మళ్ల మంగళారం ఆమెకే చూపిస్త. ఆమె పొమ్మంటే పోతం."

కోడలు చెల్లె చేయి పట్టుకుని లేచింది. అత్త కోడలి చెప్పులు చేతిలో పట్టుకుని ముందు నడిచింది. ఆ కోడలు గేటు దగ్గర ఆగి, డాబా మీది డిష్ వైపు ఒకసారి తల ఎత్తి చూసింది.

మళ్ళీ మంగళవారం రాకముందే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. కూరగాయలు తీసుకుపోయే బండిలోనే పట్నం తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల అని చెప్పారు.

మా అయ్యగారూ నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. అంత మంచి బోధకుడు ఆరోజు ఒక్క బైబిలు వాక్యం కూడా ఎత్తలేదు. అందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. అత్త మాకు మంచినీళ్ళు ఇచ్చింది. కోప్పడితే బాగుండునని అనుకున్నాను. ఆమె కోప్పడలేదు. "ఆ దినం అంత గట్టిగ స్తోత్రమన్నరు బాపూ. నేను బయట కూసోని ఇన్న. అయిపాయె, ఇగ నా మన్మరాలికి ఏం కాదు అనుకున్న" అంది. అంతే అంది.

ఆఫీసరుగారి మాట ప్రకారం నేను వెళ్ళి డిష్ విప్పాను. చెల్లె సాయానికి వచ్చి, విప్పిన బోల్టులు ఒక్కొక్కటే నా సంచిలో వేసింది. ఆ తర్వాత సంఘంలో అందరూ చేతులెత్తి స్తోత్రం అంటున్నప్పుడు ఆమె పెదవులు కదలడం నేను చూడలేదు. ఆదివారం మాత్రం తప్పేది కాదు. వెనక వరసలో కూర్చుని, చివరి పాట అయ్యేదాకా ఉండేది. ఆమె విశ్వాసం పోయిందని కొందరు అన్నారు. పోతే ఎందుకు వస్తుంది? నేను మాత్రం ఇంట్లో ఒంటరిగా దేవునితో చాలా వాదించాను. ఆయన మోసం చేశాడని అనలేదు. చూసుకొమ్మని కళ్ళు ఇచ్చాడు గదా, ఒక్కసారి నన్ను గదమాయించి ఉంటే ఏం పోయింది అని అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

కొన్నాళ్ళకు ఇంకో రాకెట్ వెళ్ళింది. ఈసారి ఉపగ్రహం తన చోట నిలబడింది. నా రిటైర్మెంటుకు ముందు దవాఖానల లైన్లు కొన్ని మళ్ళీ తెరిచారు. జల్‌పల్లి దవాఖానకు డిష్ పెట్టమని నన్ను పంపారు. వెళ్ళి చూస్తే అక్కడికి బదిలీ అయి వచ్చిన నర్సు మా చెల్లే. జుట్టు నెరిసింది. నన్ను చూసి, "వచ్చినవా అన్నా" అని, అడగకముందే మీటరు చేతిలోకి తీసుకుంది.

డాబా ఎక్కి పానా పట్టాను. చెయ్యి ఇంకా మరిచిపోలేదు. కొద్దిగా జరిపేసరికి కింద నుంచి ఆమె గొంతు వినపడింది.

"ముల్లు లేసింది అన్నా. బిగియ్యకు. మనదేనా కాదా, ముందుగాల అడుగు."

కేంద్రానికి ఫోను చేశాను. తమ్ముడే ఎత్తాడు. ఇప్పుడు అతనే అక్కడ పెద్ద. చాలాసేపు చూసుకున్నాడు. "మనదే అన్నా. ఇంకొకసారి చూస్త ఆగు." మళ్ళీ చూశాడు. "మనదే. బిగించు."

"మనదేనట చెల్లె" అని కిందికి అరిచి బోల్టు బిగించాను. లోపల తెర మీద బొమ్మ వచ్చినట్టుంది, ఎవరో ఆడమనిషి మెల్లగా, మర్యాదగా "నమస్కారమండీ, వినపడుతోందా?" అనడం వినపడింది. పానా చేతిలోనే పెట్టుకుని, కింద నుంచి ఆ పాత మాట వస్తుందేమోనని నేను డాబా అంచున కాసేపు ఆగాను. విమానం ఒకటి దిగుతూ మా మీదుగా పోయింది. దాని మోత పూర్తిగా సద్దుమణిగేదాకా కూడా ఆగాను.

తర్వాత పానా సంచిలో వేసుకుని దిగాను.